బొమ్మకు పట్టా ఎవరిది?

గీసిన బొమ్మను కదిలించి, దాని నడకతో, చూపుతో, మౌనంతో కథ చెప్పించే కళను యానిమేషన్ అంటారు. పిల్లలు దానిని కార్టూన్ అని పిలిస్తే, పెద్దలు బొమ్మల సినిమా అంటారు. ఏ సంస్థలోనూ జీతానికి కుదరకుండా, తన కథను తానే ఎంచుకొని, తన పాత్రలను తానే గీసుకొని, వాటిని తెర మీదికి తేవడానికి కావలసిన పెట్టుబడి కోసం మాత్రం స్టూడియోలనూ నిర్మాతలనూ ఆశ్రయించే వ్యక్తిని స్వతంత్ర యానిమేషన్ దర్శకుడు అనవచ్చు. అటువంటి దర్శకులకూ సినిమా స్టూడియోలకూ నడుమ దశాబ్దాలుగా సాగుతున్న ఘర్షణను చాలామంది అభిరుచుల తగాదాగా, కళకూ వ్యాపారానికీ కుదరని పొత్తుగా వివరిస్తుంటారు. దగ్గరగా పరిశీలిస్తే ఆ ఘర్షణకు మూలం హక్కులో ఉన్నదని, శ్రమ ఒకరిది, యాజమాన్యం మరొకరిది కావడం నుంచే అది పుట్టిందని తెలుస్తుంది.

ఖమ్మం జిల్లా ముదిగొండ ప్రాంతపు శ్రోతలకు ఈ సంగతి వివరించడానికి పరాయి ఉపమానం అవసరం లేదు. వరి, పత్తి, మిర్చి పండే ఈ మండలంలో కౌలు రైతు అంటే ఎవరో ప్రతి ఇంటికీ తెలుసు. దుక్కి దున్నేది, విత్తనం వేసేది, పురుగుమందుకు అప్పు తెచ్చేది, ఖమ్మం మిర్చి యార్డులో బస్తాల పక్కన రాత్రంతా కాపలా పడుకునేది అతడే అయినా, పట్టాదారు పాసుపుస్తకంలో ఉండేది మరొకరి పేరు. 2018లో రైతుబంధు పథకం మొదలైనప్పుడు ఆ సాయం పట్టా ఉన్నవారి ఖాతాలో పడిందే తప్ప కౌలుదారుకు అందలేదు. భూమి కోసం సాగిన ఉద్యమంలో 2007 జులై 28న పోలీసు కాల్పులలో మనుషులను పోగొట్టుకున్న ఊరు ముదిగొండ; ఆ ప్రాణాలను మరే పోరాటంతోనూ పోల్చడం తగదు గాని, కాగితం మీద హక్కు లేనివాడి కష్టానికి ఇతరులే విలువ కడతారన్న సత్యం ఈ నేలకు ఒకరు చెప్పవలసినది కాదు. యానిమేషన్ దర్శకుడి స్థితి కౌలుదారు స్థితికి చాలా దగ్గరగా ఉంటుంది.

బొమ్మ, దానిని ఆడించే మనిషి ఒకే ఇంటివారుగా బతికిన కాలం ఒకటి ఉండేది. తోలుబొమ్మలాటలో తోలును పలచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులద్ది, దీపానికీ తెల్లగుడ్డకూ నడుమ దానిని ఆడించే కుటుంబమే పాట పాడుతుంది, మాట చెబుతుంది, బొమ్మల పెట్టెను పిల్లలకు అప్పగించి వెళుతుంది. భద్రాచలం మన్యంలో కోయ డోలీలు బొమ్మలు తీర్చిన గుడ్డ పడిగెలను విప్పి, డోలు వాయిస్తూ తమ వేల్పుల కథలను, వీరుల కథలను పాడుతారు. మణుగూరు ప్రాంతపు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు ఈ విద్య వల్లనే 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఈ రెండు కళలలోనూ కథకుడు మరొకరి డబ్బు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన పని లేదు, తన బొమ్మ తన చెయ్యి దాటిపోతుందన్న భయమూ లేదు. సినిమా యానిమేషన్‌లో ఆ పొత్తు చెదిరిపోయింది, అందుకు ముఖ్యకారణం ఆ పని అడిగే శ్రమ పరిమాణం.

సినిమా తెర మీద ఒక్క సెకనులో 24 నిశ్చల చిత్రాలు గడుస్తాయి, వాటిలో ఒక్కొక్కదానిని ఫ్రేమ్ అంటారు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములపాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలతో సరిపెట్టవచ్చు. ఆ లెక్కన చూసినా, ఒకే ఒక్క పాత్ర 90 నిమిషాలపాటు ఎడతెగక కదలాలంటే 64,800 బొమ్మలు గీయాలి. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ కావాలంటే ఆ సంఖ్య 1,29,600కు చేరుతుంది. ఒక కోయ డోలీ తన డోలు మీద ఒకే ఒక దెబ్బ వేసే దృశ్యాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. చెయ్యి పూర్తిగా పైకి లేచిన బొమ్మనూ, పుల్ల తోలును తాకిన బొమ్మనూ ముందుగా గీస్తారు. కదలికకు ఆయువుపట్టు వంటి ఈ బొమ్మలను కీ డ్రాయింగులు అంటారు. ఆపైన, అడుగున దీపం వెలిగే అద్దపు బల్ల మీద చిల్లులు పొడిచిన కాగితాలను చిన్న మేకులకు తగిలించి, కింది కాగితపు గీత పై కాగితంలోంచి కనిపిస్తుండగా, నడిమి బొమ్మలను ఒక్కొక్కటిగా నింపుతారు. వీటిని ఇన్‌బిట్వీన్లు అంటారు. చెయ్యి దిగడానికి ముందు భుజం కొద్దిగా వెనక్కి వెళ్లకపోతే దెబ్బకు బరువు రాదు, దెబ్బ పడిన తరువాత రెండు మూడు బొమ్మలపాటు తలపాగా కొస ఊగకపోతే ఆ మనిషి కొయ్యబొమ్మలా కనిపిస్తాడు. ఇంతా చేస్తే తెర మీద గడిచేది అర సెకను. కంప్యూటర్ వచ్చాక కాగితం, మేకులు చాలావరకు కనుమరుగైనా, బరువును పసిగట్టే కన్నుకూ, ఆ బరువును రప్పించేదాకా విసుగుచెందని చేతికీ పని తగ్గలేదు.

ఇంత పని ఒక మనిషి ఒంటిచేత్తో ముగించలేడు కనుక సహాయకులు కావాలి, సహాయకులకు నెలనెలా జీతాలు కావాలి, జీతాల కోసం పెట్టుబడిదారు కావాలి. తెలుగు సినిమా వ్యాపారంలో పెట్టుబడి సాధారణంగా హీరో పేరు మీద పుడుతుంది. నైజాం, సీడెడ్, ఆంధ్ర అన్న ఏరియాల వారీగా హక్కులు కొనే బయ్యర్లు హీరో మార్కెట్‌ను చూసి అడ్వాన్సులు ఇస్తారు. ఖమ్మం జిల్లా ఈ లెక్కలో నైజాం ఏరియాలోకి వస్తుంది. బొమ్మల సినిమాకు హీరో ఉండడు, అభిమాన సంఘాలు ఉండవు, షూటింగ్ నుంచి విడుదల చేయడానికి ఫొటోలు కూడా ఉండవు. మొదటి రెండేళ్లలో దర్శకుడు చూపగలిగేది స్టోరీబోర్డు, అంటే సన్నివేశాలను వరుసగా గళ్లలో గీసిన చిత్రకథ; దానికి మాటలనూ చప్పుళ్లనూ జోడించి తయారుచేసిన యానిమాటిక్ అనే చిత్తు ప్రతి. వాటిలో పూర్తయిన సినిమాను ఊహించగల నిర్మాతలు అరుదు కాబట్టి, డబ్బు దొరికినా ఆలస్యంగా, విడతలుగా, కఠినమైన షరతులతో దొరుకుతుంది.

భారతదేశంలో ఈ కళకు తొలి ఆధారం ప్రభుత్వం నుంచి లభించింది. డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి యువ చిత్రకారులకు శిక్షణ ఇచ్చారు, ఆ యూనిట్ నుంచి 1957లో జాతక కథ ఆధారంగా బన్యన్ డీర్ అనే లఘుచిత్రం వెలువడింది. అక్కడే పని నేర్చిన రామ్‌మోహన్ 1968లో, తెలుగువాడైన ఎల్.వి. ప్రసాద్ నెలకొల్పిన ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో యానిమేషన్ విభాగానికి అధిపతిగా చేరి, 1972లో సొంత సంస్థ పెట్టుకొని, ప్రధానంగా వ్యాపార ప్రకటనల ఆదాయంతో దానిని నిలబెట్టారు. జపాన్ నిర్మాత యుగో సాకో తలపెట్టిన రామాయణ చిత్రానికి ఆయన దర్శకులలో ఒకరు. 1992లో పూర్తయిన ఆ సినిమా భారతీయ పిల్లలకు ప్రధానంగా టీవీ ద్వారానే పరిచయమైంది, తెలుగు అనువాదంతో థియేటర్లకు వచ్చింది 2025 జనవరిలో. రామ్‌మోహన్‌కు 2014లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కన్నుమూశారు. రాముడి కథనే ఊపిరిగా చేసుకున్న భద్రాచలం సీమలోని వెండితెరకు రాముడి బొమ్మల సినిమా చేరడానికి 33 ఏళ్లు పట్టిందంటే, సినిమా తీయడం ఎంత కష్టమో దానిని జనం ముందుకు చేర్చడమూ అంతే కష్టమని అర్థమవుతుంది.

స్వతంత్ర దర్శకుడు, స్టూడియో అన్న మాటలు వినగానే ప్రపంచ యానిమేషన్ రంగం తలచుకొనే పేరు రిచర్డ్ విలియమ్స్. 1933లో కెనడాలోని టొరంటోలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఆయన 1964 ప్రాంతంలో ముల్లా నస్రుద్దీన్ కథలతో ఒక బొమ్మల సినిమా మొదలుపెట్టారు. ప్రకటనలూ ఇతరుల సినిమాలకు టైటిల్ బొమ్మలూ చేసి సంపాదించినది ఆ కలకే ఖర్చుపెట్టారు. 1970ల ఆరంభంలో ఆ కథల హక్కుదారులతో విభేదాలు వచ్చి నస్రుద్దీన్ కథలు చేజారిపోయాయి గాని, తాను స్వయంగా గీసి పెంచిన దొంగ పాత్ర మాత్రం ఆయనతోనే మిగిలింది. ఆ దొంగకు ఒక చెప్పులు కుట్టేవాడిని తోడు చేసి దొంగ, చెప్పులు కుట్టేవాడు అన్న కొత్త కథను అల్లారు. పరుల మాట మీద కట్టినది పోయి, తన గీత మీద కట్టినది నిలిచిన ఈ ఘట్టం ఆయన జీవితంలో మొదటి హెచ్చరిక.

1988లో వచ్చిన హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్ సినిమాకు యానిమేషన్ దర్శకత్వం వహించి ఆస్కార్ గౌరవం పొందిన తరువాత, వార్నర్ బ్రదర్స్ సంస్థ ఆయన సొంత సినిమాకు అండగా నిలవడానికి ముందుకు వచ్చింది. అయితే ఆ ఒప్పందంలో కంప్లీషన్ బాండ్ అనే ఏర్పాటు ఉంది. సినిమా అనుకున్న గడువులో, అనుకున్న ఖర్చులో పూర్తవుతుందని ఒక హామీ సంస్థ పెట్టుబడిదారుకు రాసిచ్చే పత్రం అది. పని దారి తప్పితే దర్శకుడిని పక్కకు తప్పించి సినిమాను తానే పూర్తిచేయించే అధికారం ఆ సంస్థకు ఉంటుంది. అప్పు ఇచ్చినవాడు గట్టు మీద నిలబడి కోత తేదీని నిర్ణయించడం వంటిది ఈ ఏర్పాటు. విలియమ్స్ గడువును దాటారు, ఖర్చునూ దాటారు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో బొమ్మ గీయించాలన్న పట్టుదల, నచ్చని సన్నివేశాన్ని చెరిపి తిరిగి గీయించే అలవాటు అందుకు కారణాలు. 1992 మే నెలలో, దాదాపు 15 నిమిషాల పని మాత్రమే మిగిలి ఉండగా, సినిమాను ఆయన చేతుల్లోంచి తీసేసుకున్నారు, వార్నర్ సంస్థ వైదొలగింది. అదే ఏడాది నవంబరులో అరేబియా నేపథ్యంతోనే డిస్నీ వారి అలాదిన్ విడుదలై ప్రపంచమంతటా విజయం సాధించింది. విలియమ్స్ సినిమాకు మరొకరి చేత పాటలు కలిపించి, దృశ్యాలు మార్పించి 1993లో ఒక పేరుతో, మరింత మార్చి 1995లో అమెరికాలో మరో పేరుతో విడుదల చేశారు. దాదాపు మూడు దశాబ్దాలు ఒక మనిషి పెంచిన పైరును ఇతరులు కోసుకొని, నూర్చుకొని, తమ బస్తాలలో అమ్ముకున్నారు.

ఈ వ్యవహారంలో స్టూడియోను మాత్రమే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. గడువు దాటిన ప్రతి నెలా జీతాల రూపంలో కరిగిపోయేది ఎవరో ఒకరు నమ్మి పెట్టిన డబ్బు, దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత దర్శకుడిదే. విలియమ్స్‌కు పరిపూర్ణత మీద ఉన్న ప్రేమ ఎంత గొప్పదో, దానిని కాలంతో రాజీ పరచలేకపోవడం అంతటి లోపం. కాని లోపానికి శిక్షగా మనిషి గీసిన బొమ్మల మీద మనిషికే మాట చెల్లకుండా చేయడం ఏ లెక్కకూ అందని కఠినత్వం. 2013 డిసెంబరులో అమెరికా ఆస్కార్ అకాడమీ ఆయన అసంపూర్ణ ప్రతిని, ఆయన చేతి నుంచి తప్పించిన నాటి రూపంలోనే, ప్రదర్శించినప్పుడు ఆయన వయస్సు 80. తాను నేర్చినదంతా గ్రంథంగా 2001లో వెలువరించిన ఆ మనిషి 2019లో మరణించారు. ఆ గ్రంథం నేటికీ యానిమేషన్ విద్యార్థులకు పాఠ్యపుస్తకం వంటిది. చేతి విద్యను పంచిపెట్టడంలో ఆయనకు ఎవరూ అడ్డురాలేకపోయారు.

తెలుగు నేల విషయానికి వస్తే, యానిమేషన్ పనికి హైదరాబాదు గత రెండున్నర దశాబ్దాలుగా పెద్ద కేంద్రం. ఇక్కడి స్టూడియోలలో జరిగిన పనిలో అధికభాగం విదేశీ సంస్థల కోసం చేసినది. కథ, పాత్రలు, హక్కులు అక్కడ, నడిమి బొమ్మలు నింపే శ్రమ ఇక్కడ. ఈ పద్ధతిని ఔట్‌సోర్సింగ్ అంటారు. ఇది వేలమంది యువతీయువకులకు బువ్వ పెట్టిందన్నది కాదనలేని నిజం. అదే సమయంలో, పని ఇచ్చేవాడు ఇబ్బందిలో పడితే కూలి నిలిచిపోతుందన్న పాఠాన్నీ ఇదే నేర్పింది: లైఫ్ ఆఫ్ పై సినిమాకు గ్రాఫిక్స్ చేసి, హైదరాబాదులోనూ శాఖ నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ 2013 ఫిబ్రవరిలో, ఆ సినిమాకు ఆస్కార్ వచ్చిన నెలలోనే, అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది.

ఈ నేపథ్యంలో సొంత కథతో నిలబడిన ప్రయత్నాలు గుర్తుంచుకోదగినవి. సత్య దర్శకత్వంలో తెలుగులో వచ్చిన కిట్టు బొమ్మల సినిమా, 2006 సంవత్సరానికి ఇచ్చిన 54వ జాతీయ పురస్కారాలలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఎంపికైంది. అటుపై ఆ పురస్కార విభాగం రూపు మార్చుకొని, గ్రాఫిక్స్ ప్రధానమైన మామూలు సినిమాలను కూడా కలుపుకొన్నది. 2023 సంవత్సరపు పురస్కారం తెలుగు సినిమా హనుమాన్‌కు దక్కడం తెలుగువారికి గర్వకారణమే అయినా, కేవలం గీసిన బొమ్మలతో తీసే చిన్న సినిమాకు ప్రత్యేకంగా ఉన్న పీట తొలగిపోయిందన్న వెలితి మిగిలింది. రాజీవ్ చిలక 2001లో హైదరాబాదులో స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి 2008లో పోగో చానల్‌లో మొదలైన ఛోటా భీమ్, ముదిగొండ వీధుల పిల్లలకు కూడా ఇంటిపేరంత దగ్గరైంది. ఆ సంస్థ పాత్రను చానల్‌కు అప్పగించి ఊరుకోక, భీముడి బొమ్మలతో బడి సంచులూ బట్టలూ పుస్తకాలూ అమ్మే దుకాణాలను తన పేరుతోనే తెరిచి, 2012లో థియేటర్ సినిమా తీసి, 2019లో చిన్నారి భీముడిని నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇతర దేశాలకు పంపింది. పాత్ర మీద పట్టు తన దగ్గర ఉంచుకొన్న సంస్థకు ఒక్క పంటే గాక, రెండో పంటా మూడో పంటా చేతికి వస్తాయనడానికి ఇది నిదర్శనం.

ఇక చట్టం ఏమంటున్నదో తెలుసుకోవడం అవసరం. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సినిమాకు కర్త నిర్మాత, అంటే ఆ సినిమా తీయడానికి పూనుకొని బాధ్యత వహించిన వ్యక్తి లేదా సంస్థ. దర్శకుడు చట్టం దృష్టిలో కర్త కాడు. 2010 నాటి సవరణ బిల్లులో ప్రధాన దర్శకుడిని కూడా సహకర్తగా గుర్తించాలన్న ప్రతిపాదన ఉన్నా, 2012లో బిల్లు చట్టమయ్యేటప్పటికి అది తొలగిపోయింది. పాటల రచయితలకూ సంగీతకర్తలకూ మాత్రం వదులుకోవడానికి వీలులేని రాయల్టీ హక్కు దక్కింది. అయితే సినిమా వేరు, సినిమాకు ముందే కాగితం మీద పుట్టిన బొమ్మ వేరు. ఆ బొమ్మ కళాకృతి, దానికి కర్త చిత్రకారుడే, ఆ హక్కు అతడి జీవితకాలమూ ఆపైన 60 ఏళ్లూ ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా గీసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు యజమాని అవుతాడు. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంతకాలానికో రాయకపోతే అది 5 ఏళ్లకే చెల్లుతుంది, ఎంత ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. వేరే షరతు లేనప్పుడు, హక్కు పుచ్చుకొన్నవాడు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే అది వెనక్కి వస్తుంది. స్వతంత్ర దర్శకులలో చాలామందికి ఈ నాలుగు వాక్యాలు తెలియకపోవడం, తెలిసినవారికి కూడా అడ్వాన్సు చెక్కు ఎదుట వాటిని అడిగే ధైర్యం చాలకపోవడం అసలు విషాదం.

దీనికి మందు కొంత దర్శకుడి చేతిలో, కొంత సమాజం చేతిలో ఉన్నది. నిడివి ఎక్కువ గల సినిమాతో మొదలుపెట్టి కూరుకుపోవడం కన్నా, చిన్న సినిమాను సొంతంగా పూర్తిచేసి పేరు తెచ్చుకోవడం క్షేమమని యానిమేషన్ దర్శకురాలు గీతాంజలి రావు ప్రస్థానం చెబుతుంది. తానే గీసిన 15 నిమిషాల ప్రింటెడ్ రెయిన్‌బో 2006లో కాన్ చిత్రోత్సవంలో గెలిచిన తరువాతనే, ఎన్నో ఏళ్లకు, 2019లో ఆమె పూర్తి నిడివి గల బాంబే రోజ్ వెనిస్‌కు చేరింది. ఒప్పందంలో సినిమా హక్కులను, పాత్రల హక్కులను వేరువేరుగా రాయించుకోవడం, గడువు తప్పితే ఏం జరగాలో ముందే తేల్చుకోవడం, పని విడతలనూ చెల్లింపు విడతలనూ ముడిపెట్టడం దర్శకుడి బాధ్యత. తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 2016లో ఇమేజ్ పేరుతో ప్రత్యేక విధానం ప్రకటించింది; అటువంటి విధానాల ఫలం పెద్ద భవనాలకూ పెద్ద కంపెనీలకూ చేరినట్టే, ఒక గదిలో ముగ్గురు కలిసి గీసే చిన్న బృందానికి కూడా చేరాలి. యానిమేషన్ నేర్పే కళాశాలలు గీత నేర్పినంత శ్రద్ధగా ఒప్పంద పత్రం చదవడమూ నేర్పాలి, ఆ పత్రాలు తెలుగులోనూ ఉండాలి. జిల్లా కేంద్రాల థియేటర్లు నెలకు ఒక ఉదయపు ఆట తెలుగు బొమ్మల సినిమాకు కేటాయిస్తే, పాఠశాలల పిల్లలే దానికి ప్రేక్షకులు కాగలరు.

ఈ కోరికలు నెరవేరేదాకా ఎదురుచూడవలసిన పని లేనిది ఒకటి ఉంది. ముదిగొండ బడిలో ఏదో ఒక తరగతిలో, నోటుపుస్తకపు మూలల్లో ఒక ఎద్దును పుటకు ఒకటిగా గీసి, బొటనవేలితో పుటలు జారవిడిచి, ఎద్దు తల ఊపుతుంటే పక్కవారికి చూపించే పిల్లవాడు తప్పకుండా ఉంటాడు. యానిమేషన్ మొత్తం ఆ బొటనవేలి కిందనే ఉన్నది. ఆ పిల్లవాడిని మందలించే ఉపాధ్యాయుడు, మందలించడానికి ముందు ఆ ఎద్దును ఒకసారి ఓపికగా చూసి, చివరి పుట మీద పేరు, తేదీ రాయమని చెబితే మేలు. కాపీరైట్ రిజిస్ట్రేషన్‌తో పుట్టేది కాదు, బొమ్మతోపాటే పుడుతుంది. గీసినవాడెవరో, ఎప్పుడు గీశాడో చెప్పే ఆ రెండు మాటలు రేపు ఏ స్టూడియో బల్ల ఎదుట కూర్చున్నా అతడికి సాక్ష్యంగా నిలుస్తాయి. కౌలుకు తీసుకొన్న భూమికి లేని వెసులుబాటు కాగితం మీది బొమ్మకు ఉన్నది, దానిని మొదటి రోజు నుంచే వాడుకోవడం నేర్పవలసినది పెద్దలు.